మూడు వేళ్ల తేడా

మొన్న మా తమ్ముడి కొడుకు కొత్త కారు కొని, నాకు చూపించడానికి కాప్రాలో మేముండే అపార్ట్‌మెంటు కిందికి తెచ్చాడు. చిన్న బండి, వెనక తలుపు పైకి లేచే రకం. "ఫ్రాన్స్ కంపెనీ అత్తా, చవకలో వచ్చింది. ఎక్కు, ఒక రౌండ్ కొట్టొద్దాం" అన్నాడు. ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నానో లేదో నా అరచేతులు తడిసిపోయాయి. వాడు చెరువు వైపు తిప్పబోతే "అటొద్దురా, అటొద్దు!" అని అరిచినంత పని చేశాను. బళ్లో లెక్కల టీచరుగా రెండు తరాల పిల్లల్ని హడలగొట్టిన మనిషిని, ఇంత చిన్న కారును చూసి నేనే హడలిపోవడం వాడికి వింతగా ఉంది. "ఏమైందత్తా, బీపీనా?" అన్నాడు. బీపీ కాదు నాయనా, భయం. వాడి తండ్రి అమ్మ ఒళ్లో నోట్లో వేలేసుకుని కూర్చునే వయసులో నాకు పట్టిన భయం. ఇన్నేళ్లయినా నీళ్లడుగున మడ్డిలా అక్కడే ఉంది, కాస్త కదిపితే చాలు పైకి తేలుతుంది.

అప్పట్లో మేము బొల్లారం పోయే దారిలో ఒక చిన్న మిషను ఆసుపత్రి వెనక క్వార్టర్లో ఉండేవాళ్లం. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. పది మంచాలు, ఒక మందుల గది, ఫినాయిలు వాసన, వరండాలో బల్లల మీద దగ్గుతూ కూర్చునే జనం. దాన్ని నడిపే డాక్టరమ్మది ఫ్రాన్సు దేశం. పేరు ఎలీజ్ అయితే మావాళ్ల నోళ్లలో పడి ఎలీసమ్మ అయింది. ఆవిడ తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. అందుకని రోగి మంచం దగ్గర నిలబడి "జ్వరము నిన్ను విడిచినదా?" అని అడిగేది. కొత్తగా వచ్చినవాళ్లు ప్రార్థన అనుకుని కళ్లు మూసుకునేవాళ్లు. మా నాన్న దేవసహాయం ఆవిడకు డ్రైవరు, మందుల గదికి కాపలాదారు, జనం మాట్లాడే తెలుగును ఆవిడకూ ఆవిడ తెలుగును జనానికీ విప్పిచెప్పే మనిషి. మాది రేపల్లె వైపు. నాన్న పొట్ట చేతబట్టుకుని సికింద్రాబాదు వచ్చి, ఎన్నో చోట్ల తిరిగి, చివరికి ఇక్కడ కుదురుకున్నాడు. మిషను గుళ్లో సంఘపెద్ద కూడా. ఖాకీ చొక్కాకు గంజి పెట్టి బొగ్గుల ఇస్త్రీ చేయించుకోనిదే బయటికి అడుగు పెట్టేవాడు కాదు.

నాన్నకు ముందున్న డ్రైవరు, డాక్టరమ్మ ఊళ్లో లేనప్పుడు బండిలో చుట్టాలను పెళ్లికి తీసుకుపోయాడట. సంగతి తెలిసిన రోజే ఆవిడ అతన్ని పంపించేసింది. క్వార్టరు కూడా ఆ రోజే ఖాళీ. మేము దిగేసరికి వాళ్ల పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉందని అమ్మ చెప్పేది. అమ్మ మాటల్లో ఉప్పూకారం ఎప్పుడూ కొంచెం ఎక్కువే, నిజమెంతో తెలియదు. కానీ ఆ వెచ్చటి బూడిద నా బుర్రలో ఉండిపోయింది. పొయ్యి ఊదేటప్పుడల్లా, మనం పోయాక ఎవరు వచ్చి దీన్ని ముట్టుకుని చూస్తారో అనుకునేదాన్ని. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే నా బడి పోతుంది, మళ్లీ రేపల్లెలో పెదనాన్న ఇంటి వసారా. ఈ లెక్క నాకు పన్నెండేళ్లకే కంఠతా వచ్చు.

ఇక బండి. ఓడలో మద్రాసు దాకా, అక్కణ్ణుంచి రోడ్డు మీద ఇక్కడికీ వచ్చింది. లేత బూడిద రంగు. కంపెనీ పేరు మా ఎవరికీ నోరు తిరిగేది కాదు. వెనక తలుపు మీద నాలుగు అంకె ఉండేది కనక అందరికీ అది "నాలుగో నంబరు". స్టీరింగు ఎడమ వైపు. గేరు కడ్డీ కింద నుంచి కాక ఎదురు పలక లోంచి గొడుగు పిడిలా పొడుచుకువచ్చేది, దాన్ని లాగుతూ తోస్తూ తోలాలి. సీట్లు పడక్కుర్చీలే, ఇనప గొట్టాలకు గుడ్డ బిగించినవి. దాని పుట్టుపూర్వోత్తరాలు డాక్టరమ్మ నాన్నకు చెప్పింది, నాన్న వంశావళి చదివినంత శ్రద్ధగా మాకు చెప్పేవాడు. యుద్ధం తర్వాత వాళ్ల దేశంలో పల్లెటూరి వాళ్లకూ చిన్న జీతగాళ్లకూ కారు కావాల్సి వచ్చిందట. వారమంతా గడ్డీ పాలక్యాన్లూ మోసి, ఆదివారం అదే బండిలో కుటుంబం గుడికి పోవాలి. నేల చదునుగా ఉండాలి, వెనక తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, రేడియేటరులో నీళ్లు పోసే బెడద ఉండకూడదు, చవగ్గా రావాలి. అలా పుట్టిందట ఇది. రొట్టెలవాళ్లూ తపాలావాళ్లూ పంతులమ్మలూ అందరూ అదే తోలారట. "బీదవాళ్ల కోసం చేసిన బండి, కానీ చూడు ఎంత ఆలోచించి చేశారో" అనేవాడు నాన్న. బీదవాళ్ల బండి సికింద్రాబాదు వచ్చేసరికి దొరసాని బండి అయిందన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

తెల్లవారుతూనే మా ఇంట్లో కీర్తన, ప్రార్థన, ఆ పైన అమ్మ కాచే అల్లం టీ. టీ తాగి నాన్న పాత పంచె ముక్క తడిపి బండి తుడవడానికి పోయేవాడు. వెంట నేను. అద్దాలు నా వంతు. నాన్న దీపాలు తుడిచేటప్పుడు పసిపిల్లల మొహం తుడిచినంత మెత్తగా తుడిచేవాడు. నన్ను మాత్రం లోపల కూర్చోనిచ్చేవాడు కాదు. "మనది కాదమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాటతో నాకు ఒళ్లు మండేది. రోజూ తుడిచేది మేము, కూర్చునేది ఎవరో. ఆ ముందు సీట్లో కూర్చుని లోకం చూడాలన్న కోరిక నాకు అన్నం సహించనంతగా ఉండేది.

ఎండాకాలం వచ్చింది. డాక్టరమ్మ ఏటా పోయినట్టే కొడైకెనాల్ పోయింది. పోతూ తాళం నాన్న చేతిలో పెట్టి, వారానికోసారి ఇంజను స్టార్టు చేయాలని, గేటు మాత్రం దాటవద్దని చెప్పింది. "గుమ్మము దాటకుము" అన్న ఆ మాట నేను చెవులారా విన్నాను. రిక్షా దాకా సామాను మోసింది నేనే. అందుకే నా అబద్ధం అతికినట్టు కుదిరింది. రెండు వారాల తర్వాత ఒక శనివారం, నాన్న ఇంజను ఆన్ చేసి చెవి వొగ్గి వింటుంటే, నేను పక్కన చేరి అన్నాను: "నాన్నా, చెప్పడం మరిచాను. డాక్టరమ్మ గారు రిక్షా ఎక్కేటప్పుడు ఇంకో మాట అన్నారు. ఊరికే స్టార్టు చేస్తే చాలదట, ఒకసారి కొంచెం దూరం తిప్పి తెమ్మని నీకు చెప్పమన్నారు."

నాన్న నా మొహం చూశాడు. "నిజమేనా?"

"నిజం నాన్నా."

ఎలా నమ్మాడో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆయనకూ ఆశ ఉంది. ఆశ ఉన్నవాడికి అబద్ధం అమ్మడం ఎంత తేలికో ఆ రోజే నేర్చుకున్నాను, చెడ్డ చదువు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ, తమ్ముణ్ణి ఎత్తుకుని, మోండా మార్కెట్లో కొన్న కొత్త చీర కట్టుకుని వెనక కూర్చుంది. నేను ముందు. స్టీరింగు ఎడమ వైపు కాబట్టి కుడి పక్కన నేను, దారిన పోయేవాళ్లు ఈ పిల్ల కారు తోలుతోందని నోళ్లు వెళ్లబెట్టారు. నా అంత మహారాణి లేదు ఆ కాసేపు. కాప్రా చెరువు అప్పుడు ఊరికి చాలా దూరం, మట్టి దారి, తుమ్మ చెట్లు. నీళ్లు కనపడ్డాయని నేను చప్పట్లు కొట్టానో లేదో పొదల్లోంచి బర్రె ఒకటి అడ్డం వచ్చింది. నాన్న ఎడమకు కోశాడు. బండి వెనక ఎడమ చక్రం రాళ్ల కాలవలో ధన్‌మని పడింది. అమ్మ "యేసయ్యా!" అని అరిచింది, తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు, నాన్న దిగి చక్రం దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ బట్టలుతికేవాళ్లు ఇద్దరొచ్చి వెనక నుంచి నెట్టితే బండి పైకొచ్చింది. చుట్టూ తిరిగి చూస్తే ఎక్కడా ఒక్క గీత లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నాన్న పీల్చుకోలేదు.

ఇంటికి పోయే దారిలోనే మల్లేశం షెడ్డు. మల్లేశం నాన్నకు బాగా కావలసిన మెకానిక్కు, లారీలూ అంబాసిడర్లూ ఆయన చేతిలో బొమ్మలు. కిందికి దూరి చూసి, లేచి, చేతులు తుడుచుకుని ఒక నూలుతాడు తెచ్చాడు. దెబ్బ తిన్న ఏ బండికైనా ఆ రోజుల్లో అదే పరీక్ష. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి తాడు పట్టి ముడి వేస్తారు, అదే తాడు రెండో పక్క పడతారు. రెండూ ఒకటైతే బండి తిన్నగా ఉన్నట్టు. మల్లేశం తాడు కొస నా చేతికిచ్చి ముందు చక్రం దగ్గర కూర్చోమన్నాడు. కుడి పక్క పట్టి ముడి వేశాడు. ఎడమ పక్కకు వచ్చాం. పట్టాడు. ముడి వెనక చక్రం నడిమి దాటి అవతలికి పోయింది. దాని పక్కన వేళ్లు పెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు.

"గిదేందే అన్నా? గీ దిక్కు మూడు వేళ్లు తక్కువొస్తుంది."

"మళ్లీ పట్టు మల్లేశం. తాడు గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాడు నాన్న. నా చేతులు వణుకుతున్నాయి, తప్పు నా వణుకుదే కావాలని దేవుణ్ణి వేడుకున్నాను. మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ మూడు వేళ్లే.

"చేసీ వంగింది. జెరంత సుత అనుమానం లేదు" అన్నాడు మల్లేశం, బండి అడుగు చట్రం వైపు వేలు చూపిస్తూ. "ఇన్నేండ్లసంది చూస్తున్న, ఏ బండికైనా రెండు దిక్కులు బరాబరుంటయ్. నువ్వు పరేషాన్ గాకు. గొలుసేసి చెట్టుకు కట్టి గుంజుదాం, సక్కగైతది."

నాన్న మళ్లీ స్టీరింగు పట్టి ఇంటికి తోలుకొచ్చాడు. బండిని గేటు లోపల పెట్టి, తాళం వేసి, మా ఇంటి మెట్టు మీదే కూర్చుండిపోయాడు. మా ఇల్లు ఆ రోజు నుంచి ఇల్లు కాదు. గేటు చప్పుడైతే అందరం ఉలిక్కిపడేవాళ్లం. పోస్ట్‌మాన్ వస్తే అమ్మ చేతిలో గరిట కింద పడేది. నాన్న తుడవడం మానలేదు గానీ ఎడమ వెనక చక్రం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగేది. గొలుసు తెచ్చి మల్లేశం ఒకరోజు వచ్చాడు కూడా, వేపచెట్టుకు ఒక కొస కట్టాడు. రెండో కొస బండికి తగిలించబోతుంటే నాన్న "వద్దులే మల్లేశం, ఆవిడకు చెప్పకుండా ముట్టుకుంటే అది రెండో తప్పు" అని ఆపేశాడు. మల్లేశం గొణుక్కుంటూ పోయాడు.

అందరి భయం ఒకటి, నా భయం రెండు. అమ్మ రోజూ ఒకటే మాట: "ఆవిడే కదండీ తిప్పి తెమ్మంది! పిల్లతో చెప్పి పంపింది కదా! ఆ మాటే చెప్పండి, సగం తప్పు ఆవిడదే అవుతుంది." నాన్న "చెబుతాలే" అనేవాడు. ఆయన చెబుతాలే అన్నప్పుడల్లా నేను పెరట్లోకి తప్పుకునేదాన్ని. ఆయన ఆ మాట చెబుతాడు, ఆవిడ నేనెప్పుడన్నాను అంటుంది, ఇద్దరూ తిరిగి నా వైపు చూస్తారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరు నా పేరు పిలిచినా నేను కాదు అంటూ పలికేదాన్ని. బళ్లో కూడికలు తప్పు చేశాను. అన్నంలో కూర కలుపుకోవడం మరిచిపోయి తిన్నాను. నిజం చెప్పేద్దామని నాన్న పక్కన వెళ్లి కూర్చునేదాన్ని. ఆయన నా తల మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడగానే నోరు పడిపోయేది.

డాక్టరమ్మ తిరిగొచ్చింది. బండి ఎక్కింది, దిగింది, ఒక్క మాట అనలేదు. రోజూ నాన్న గంజి చొక్కా వేసుకుని ఇవాళ చెప్పేస్తానని బయల్దేరడం, సాయంత్రం చెప్పకుండా తిరిగి రావడం. పది రోజులు. అంతలో నెల మొదటి ఆదివారం వచ్చింది, గుళ్లో బల్ల ఆరాధన, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె పళ్లెం పట్టుకుని వరసల వెంట నడిచే సంఘపెద్ద మా నాన్నే. మనసులో దాచిన తప్పున్నవాడు ఆ బల్లలో చెయ్యి వేయకూడదు, అది మా వాళ్ల కట్టుబాటు. వేస్తే శిక్ష తెచ్చుకున్నట్టే. వేయకపోతే, వీడేదో చేశాడని సంఘమంతా తెలిసినట్టే. ఆ రోజు నాన్న పళ్లెం అందరికీ అందించాడు. చివరికి పాస్టరుగారు ఆయనకు అందించబోతే తల అడ్డంగా ఊపి, చేతులు కట్టుకుని, వెనక్కి వచ్చి మా పక్కన కూర్చున్నాడు. గుడంతా గుసగుస. ముందు వరసలో డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ మధ్యాహ్నం నాన్న డాక్టరమ్మ వరండాలోకి పోయాడు. "పడిపోతారేమో, వెంట వెళ్లవే" అని అమ్మ నన్ను తోసింది. ఆవిడ కాఫీ తాగుతోంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

"అమ్మగారూ, మీరు లేనప్పుడు బండి గేటు దాటించాను. కాప్రా చెరువు కాడ కాలవలో దించాను. చేసీ వంగిపోయింది. ఎడమ వైపు మూడు వేళ్లు పొట్టిదైంది. నేను ఇవాళే ఇల్లు ఖాళీ చేస్తాను" అన్నాడు నాన్న ఒకే ఊపిరిలో.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "గుమ్మము దాటుటకు నీకు సెలవిచ్చినది ఎవరు?"

వచ్చింది. ఇన్నాళ్లూ నేను భయపడ్డ ప్రశ్న వచ్చేసింది. నాన్న తల తిప్పి నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఆయన మళ్లీ అటు తిరిగాడు.

"ఎవరూ ఇవ్వలేదమ్మగారూ. నాకే ఆశ పుట్టింది. పిల్లల్ని తిప్పుదామని."

ఆవిడ కప్పు కొంచెం పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా అంది: "నీవు దాటితివని నేను వచ్చిన దినముననే యెరుగుదును. ఎంత దూరము నడిచెనో బండిలోని అంకెలే లెక్క చూపును. నీవే వచ్చి చెప్పుదువని కనిపెట్టుకొని యుంటిని. రేపు నిన్ను పంపివేయవలెనని తలంచితిని. ఆ తలంపుచేత నాకును నిద్ర లేదు, దేవసహాయమా." అంటూనే ఏదో గుర్తొచ్చి ఆగింది. "మూడు వేళ్లు అంటివా?"

ఉన్నట్టుండి పకపకా నవ్వింది. లోపలికి పోయి బండితో వచ్చిన చిన్న పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. ఆ బండి పుట్టుకే అంత. వెనక చక్రాలను మోసే ఉక్కు కడ్డీలు రెండూ నేల కింద అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి పరిచి ఉంటాయి. రెండూ ఒకే వరసలో పట్టవు కనక కుడి చక్రం మూడు వేళ్లు వెనగ్గా ఉంటుంది. అలా చేస్తే నేల చదునుగా వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. ఆ రకం బండ్లన్నీ అంతే, లోకంలో ఎక్కడ కొలిచినా అంతే.

"అయితే వంగలేదా అమ్మగారూ?"

"వంగలేదు."

నాన్న నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని, మల్లేశం ఆ రోజు గొలుసు తగిలించి ఉంటే నిజంగానే వంగేది అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. ఆవిడ ఉద్యోగం తీయలేదు. కానీ ఆ రోజు నుంచి బండి తాళం రాత్రిళ్లు మా ఇంటి మేకుకు వేలాడలేదు. పొద్దున్నే అడిగి తెచ్చుకోవడం, సాయంత్రం అప్పజెప్పడం. నాన్నకు అది ఎంత కోతో నాకు తెలుసు, ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. కొన్నేళ్లకు ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోయింది, బండి ఎవరికో పోయింది.

ఇప్పటి బండ్లు తలుపు సరిగ్గా వేయకపోయినా కూత పెడతాయి, బెల్టు పెట్టుకోకపోతే గోల చేస్తాయి. తప్పు మనం చెప్పాల్సిన పని లేకుండా అవే చెప్పేస్తాయి. మా తమ్ముడి కొడుకు బండికి సొట్ట పడితే ఫోటో తీసి ఎవరికో పంపుతాడు, సాయంత్రానికి మరిచిపోతాడు. మంచిదే. ఆ వెచ్చటి బూడిద భయం వాళ్లకు వద్దు. నేను మాత్రం టీచరుగా ఉన్నన్నాళ్లూ తప్పు ఒప్పుకున్న పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదు. ఒప్పుకోని వాళ్లను కొట్టేదాన్ని, చెయ్యి నొప్పి పుట్టేలా. ఎవరిని కొడుతున్నానో నాకు తెలుసు.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆయనకు నా అబద్ధం ఎప్పుడు తెలిసిందో, స్తంభం దగ్గర నా మొహం చూసి తెలిసిందో, అబద్ధమాడిన ఆ శనివారమే తెలుసో, నాకు తెలియదు. ఎవరైనా అడిగితే, నాన్న నన్ను ఆ సంగతి ఒక్కసారీ అడగలేదు, అడిగి ఉంటే చెప్పేదాన్ని అంటూ వచ్చాను. మా అమ్మతో అలాగే అన్నాను, నాతో నేనూ అలాగే అనుకున్నాను. అది కూడా అబద్ధమే. అడిగాడు. ఆ మధ్యాహ్నమే, వరండా మెట్లు దిగి ఇంటికి నడుస్తూ, దారిలో కుళాయి దగ్గర ఆగి మొహం కడుక్కున్నాడు. చొక్కా కొసతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, చాలా మెల్లగా అడిగాడు.

"నాకేమైనా చెప్పాలా తల్లీ?"

"ఏం లేదు నాన్నా" అన్నాను.

"సరే" అని నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లి, ఆకలవుతోంది, అన్నం పెట్టమని అమ్మను అడిగాడు.